నోళ్లదారిలో రాకుమారుడు

బియ్యపు గింజంత మనిషి నీళ్లలో పడితే చప్పుడు కూడా రాదు. కంకాళనాథుడు రాకుమారుడు మణికేతుణ్ణి బొటనవేలి గోరు మీద నిలబెట్టి, చూపుడువేలితో టక్కున మీటాడు. ఆ వెనకే పడవ నడిపే పోలిని కూడా అలాగే మీటాడు. ఇద్దరూ గిరగిరా తిరుగుతూ పోయి శంఖసరోవరం నట్టనడుమ పడ్డారు. పడినచోట ఒక్క అల కూడా లేవలేదు.

గడియ క్రితం ఇద్దరూ నిలువెత్తు మనుషులే. హేమకోట సింహాసనానికి వారసుడైన మణికేతుడు, రాజగురువు రోజూ పొద్దున్నే ఒంటరిగా సరస్సు మధ్య దిబ్బకి ఎందుకు పోతున్నాడో కనిపెడదామని పోలి పడవెక్కి వెంటపడ్డాడు. పోలి రేవు పెద్ద దాలయ్యకి ఒక్కగానొక్క కూతురు. తల్లి లేని పిల్ల. నడక కన్నా ముందు తెడ్డు పట్టడం నేర్చింది. దిబ్బ మీద వాళ్లకి రాజగురువు కనపడలేదు. ఆయన కాషాయం విప్పేసి, మెళ్లో పుర్రెల దండ వేసుకుని, ధూపం మధ్య కంకాళనాథుడై కూర్చుని ఉన్నాడు. చూసినవాళ్లని ప్రాణాలతో పోనిస్తాడా మరి? గుప్పెడు భస్మం ఊదాడు, అంతే.

అంతటితో నోరు మూసుకున్నా వాడికి బాగుండేది. ఈ మంత్రగాళ్లకి ఒక జబ్బుంది, చేసిన ఘనకార్యం ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోతుంది. గింజల్లా నిలబడ్డ ఇద్దరినీ అరచేతిలోకి తీసుకుని అంతా వినిపించాడు.

"పొడినేల మీద, ఎండలో, ఒక గడియ నిలబడితేనే ఈ భస్మం విడుస్తుంది. నీళ్లలో మునిగాక మీకు పొడినేల ఎక్కడిది? నేను తిన్నగా మహారాజు దగ్గరికి పోతాను. రేవు పెద్ద దాలయ్య కూతురి చేత పడవ ముంచించి యువరాజుని చంపించాడని చెబుతాను. మిట్టమధ్యాహ్నానికి దాలయ్య తల ఏనుగు కాలి కింద ఉంటుంది. మీరు చేపలకి మేత అవుతారు. పొండి."

వాడు పుట్టింది కొండల్లో. చేప రుచి తప్ప చేప సంగతి వాడికి తెలియదు. మేతగా పారేస్తే పీడ వదిలిందనుకున్నాడు, మేత ఎక్కడెక్కడికి పోతుందో ఆలోచించలేదు.

నీటి లోపల అదొక లోకం. ఉదయపు కిరణాలు పచ్చని గాజు పలకలై ఏటవాలుగా దిగి నిలబడ్డాయి. వాటి మధ్య మరకత ధూళి చల్లినట్టు నాచు రేణువులు మెల్లమెల్లగా తిరుగుతున్నాయి. తామరకాడలు సభామంటపపు స్తంభాల్లా పైనుంచి బయల్దేరి, అడుగన్నది కనపడని నల్లటి లోతుల్లోకి వెళ్లిపోయాయి. ఇద్దరి ఒంటికీ పట్టిన భస్మం నీటిని అంటనివ్వలేదు. చుట్టూ పల్చటి గాలి పొర తొడుగులా అతుక్కుపోయి, ఆ గాలే ప్రస్తుతానికి వాళ్ల ప్రాణం నిలుపుతోంది.

మణికేతుడు చేతులూ కాళ్లూ ఆడిస్తూ పైకి ఈదాడు. తల పైపొరకి తగిలి ఆగిపోయింది. పిడికిలితో గుద్దాడు. పొర లోపలికి సొట్టపడి మళ్లీ సర్దుకుందే తప్ప చిరగలేదు. చురకత్తి దూసి పొడిచాడు, అయినా అంతే. మల్లయుద్ధంలో ముగ్గుర్ని ఒక్కసారి పడగొట్టిన మనిషికి నీటి పొర లొంగలేదు.

పోలి అతని నడుం పట్టుకుని కిందికి లాగింది.

"కొట్టుకోకండి రాకుమారా. చీమ నీటిలో మునిగిందంటే మళ్లీ పైకి రాలేదు, చూళ్లేదా మీరు? ఇప్పుడు మనమూ అంతే. పైగా ఇలా కొట్టుకుంటే వాళ్ల కంట పడతాం."

"ఎవరి కంట?"

"తినేవాళ్ల కంట."

మణికేతుడు చుట్టూ చూశాడు. చెయ్యి దానంతటదే చురకత్తి పిడిని బిగించి పట్టుకుంది. "మీ నాన్నకి మధ్యాహ్నం దాకానే గడువు. ఈదుకుంటూ పోతే రేవు ఎప్పటికి చేరతాం?"

"ఈ కాళ్లతోనా? నెలకి చేరతామేమో. చేరినా ఈ పొర తెంచుకుని మెట్టెక్కలేం. ఎవరో ఒకరు మనల్ని మోసుకుపోయి ఒడ్డున పడెయ్యాలి." పోలి ఒక్క క్షణం ఆగింది. "దారి ఒకటుంది. మీకు నచ్చదు."

"చెప్పు."

"ఈ నాచుని పురుగులు తింటాయి. పురుగుల్ని చిన్న చేప తింటుంది. చిన్నదాన్ని పెద్దది మింగుతుంది. పెద్దదాన్ని మా అయ్య వలేసి పడతాడు. ఆ నోళ్ల వెంటే పోదాం."

"మనంతట మనమే వాటికి తిండి అవుదామంటావా?"

"మింగించుకుందాం అంటున్నా. నమిలించుకోకూడదు. ఏ నోరు మింగుతుందో ఏది నములుతుందో నాకు తెలుసు, మీరు నా వెనకాలే ఉండండి."

ఇక్కడ హేమకోట ఆచారం ఒకటి చెప్పాలి. ఆ రాజ్యంలో మరణశిక్ష పడ్డ జాలరికి చివరిగా ఒక్క వల హక్కు ఉంది. రేవు మెట్ల మీద నిలబడి ఒక్కసారి వల విసురుతాడు. అందులో పడ్డదాన్ని రాజు ఎదుట, ఆ మెట్ల మీదే, తన చేత్తో కోసి చూపించాలి. మనిషి తప్పు చేశాడో లేదో సరస్సు సాక్ష్యం చెబుతుందని వాళ్ల నమ్మకం. నూరేళ్లలో ఏ చేప కడుపులోనూ సాక్ష్యం దొరకలేదు, దొరికిందల్లా నాచూ పురుగులూను. అయినా ఆచారం ఆచారమే. ఆ ఒక్క వల మీదే ఇప్పుడు పోలి ఆశంతా.

"అయ్య వల కన్నులు రెండేసి వేళ్లుంటాయి," అంది పోలి. "మనం జారిపోతాం, చిన్న చేపలూ జారిపోతాయి. వలలో నిలవాలంటే మూరెడు చేప కడుపులో ఉండాలి మనం."

అప్పుడే తూర్పుగాలి లేచింది. పైన నాచు తెట్టు కదిలి పడమటి రేవు వైపు సాగింది. దాని వెంటే నీటిపురుగుల మంద బయల్దేరింది. ఒక్కొక్కటీ వాళ్ల కంటికి మేకపిల్లంత ఉంది. ఒళ్లంతా తేటగా కనపడుతోంది, లోపల గుండె కొట్టుకోవడం, పేగులో పచ్చటి నాచు కదలడం కూడా చూడొచ్చు. తలకి రెండు పక్కలా తెడ్లలాంటి కొమ్ములు ఆడిస్తూ, ఎగిరెగిరి పడుతూ, కనపడ్డ నాచునల్లా మేసుకుంటూ పోతున్నాయి. పోలి ఒకదాని వీపెక్కింది. మణికేతుడు ఇంకోదాని కొమ్ము పట్టుకున్నాడు. యువరాజు పట్టపుటేనుగు ఎక్కాల్సినవాడు. పురుగు మీద ఊరేగింపు మొదలైంది.

సగం దూరం సుఖంగానే సాగింది. మంద ఒక తామరకాడని రాసుకుంటూ పోతుండగా కాడ మీది బురద ముద్ద కళ్లు తెరిచింది.

"తూనీగ పిల్ల, వంగండి," అంది పోలి.

పైన రంగురంగుల రెక్కలతో ఎగిరే తూనీగ నీటిలో ఉన్న రోజుల్లో ఎలాంటి రాక్షసో మనకి తెలియదు. దాని కింది పెదవి మడతపెట్టిన చెయ్యిలా ఉంటుంది. చివర రెండు కొక్కేలు. ఆ చెయ్యి సాచడం ఎవరికీ కనపడలేదు. మణికేతుడి కింద ఉన్న పురుగు మాత్రం మాయమైంది. మరుక్షణం ఆ కొక్కేలు మళ్లీ వచ్చి అతని ఎడమచెయ్యి పట్టుకుని నోటి వైపు లాగాయి. గాలి తొడుగు చిరిగి బుడగలు పైకి లేచాయి.

మణికేతుడు కేక వేయలేదు, వేస్తే ఉన్న గాలి కూడా పోతుంది. లాగిన వైపే తానూ దూకి, కుడిచేత్తో చురకత్తిని ఆ పెదవి మడతలోకి పిడిదాకా దించాడు. కొక్కేలు వదల్లేదు. పోలి తన పురుగు మీంచి దూకి, ఒంటికి చుట్టుకున్న ఎర్ర కోకచెంగుని ఆ జంతువు కంటి మీద పరిచి రెండు చేతులా అదిమిపట్టింది. కన్ను కనపడకపోయేసరికి అది తల విదిలించింది, కొక్కేలు సడలాయి, అతను చురకత్తి లాక్కున్నాడు. ఇద్దరూ కాడ అవతలి పక్కకి జారిపోయి, పాకుడులో దూరి, చాలాసేపు కదలకుండా పడుకున్నారు. మణికేతుడి ఎడమచెయ్యి భుజం నుంచి వేలాడుతోంది. పోలి తన చెంగు సగానికి చింపి కట్టు కట్టింది.

"నొప్పా?" అని అడిగింది.

"మీ నాన్నకి ఇంకెంత సమయం ఉంది?" అన్నాడతను.

దానికి జవాబన్నట్టు నీరంతా ధమ్మని అదిరింది. రేవు నుంచి తొలి నగారా. శిక్ష పడ్డవాణ్ణి మెట్ల మీదికి తెచ్చారని దాని అర్థం. మలి నగారా మోగితే ఏనుగు కాలెత్తుతుంది. పోలి రేవు వైపు తిరిగింది. అయ్య ఇప్పుడు అక్కడ నిలబడి ఉన్నాడు, తాను ఇక్కడ పాకుడులో ఉంది. ఏడ్చినా గాలి దండగేనని ఏడుపు మింగేసింది.

కాడ పక్కనుంచి వెండి మెరుపులు దూసుకొచ్చాయి. పరిగె చేపల గుంపు. పురుగుల మంద మీద పడి టపటపా ఏరుకు తింటున్నాయి. మణికేతుడు బయటికి రాబోయాడు, పోలి జుట్టు పట్టుకుని వెనక్కి లాగింది. యువరాజు జుట్టు అన్న సంగతి ఆ క్షణంలో ఆ పిల్లకి గుర్తులేదు.

"ఇవి వద్దు. పరిగెకి పళ్లు నోట్లో కనపడవు, గొంతులో ఉంటాయి. తిరగలిలో వేసినట్టు పిండి చేస్తుంది."

"నువ్వు చెప్పకపోతే నేను పోయి నిలబడేవాణ్ణి దాని ముందు."

"అందుకే జుట్టు పట్టుకున్నా."

పరిగెలు పోయాక వాటి వెనక మామూలు మనిషి బొటనవేలంత చేపలు నాలుగు వచ్చాయి. ఒళ్లు అద్దంలా తేట. వెన్నుముల్లు, గాలి తిత్తి, మింగిన పురుగులు, అన్నీ బయటికే కనపడుతున్నాయి. జాలరిగూడెంలో వాటిని అద్దపుచేపలంటారు. వాటి గొంతులో తిరగలి లేదు. పోలి మణికేతుడి నడుముకీ తన నడుముకీ చెంగు ముక్క ముడివేసింది.

"లోపలికి పోగానే రెండు పక్కలా దువ్వెనల్లాంటివి ఉంటాయి. మొప్పల దువ్వెనలు. అవి పట్టుకుని ఆగిపోవాలి. కడుపులోకి జారితే అరిగిపోతాం. దాని కంటికి మనం పురుగుల్లాగే కనపడాలి, ఎగిరెగిరి ఈదండి."

హేమకోట యువరాజు పురుగులా ఎగిరెగిరి ఈదాడు. అద్దపుచేప ఒక్క చూపు చూసింది. నోరు సొరంగంలా ముందుకు సాగింది, నీరు ఇద్దర్నీ చుట్టేసి లోపలికి ఈడ్చింది.

పోలి ఒక దువ్వెన పట్టుకుంది. ముడి బిగిసి మణికేతుడు గొంతు అంచున వేలాడాడు. కింద కడుపులో అతను ఎక్కి వచ్చిన మందలోని పురుగులే సగం కరిగి తిరుగుతున్నాయి. పోలి పళ్లు బిగించి చెంగుని గుంజింది. ఒక్క చేత్తోనే అతను పైకి పాకాడు. తర్వాత ఇద్దరూ మొప్ప ఎముకకి వీపు ఆనించి, తేటగోడలోంచి బయటికి చూశారు.

చూడముచ్చటైన ప్రయాణమే, ప్రాణభయం లేకపోతే. కలువ ఆకుల నీడలు తలమీదుగా జరిగిపోతున్నాయి. ఎండపొడ తగిలినప్పుడల్లా చేప ఒళ్లంతా ఇంద్రధనుస్సు పాకి ఆరిపోతోంది. అద్దపుచేప పురుగుల వెంట, పురుగులు నాచు వెంట, నాచు గాలి వెంట, అంతా రేవు వైపే పోతోంది. మణికేతుడి గాలి తొడుగు మాత్రం పల్చబడిపోయింది. తూనీగ పిల్ల చింపినచోట నీరు ఒంటికి తగులుతోంది. పెదాలు నీలంగా మారాయి.

"నా దగ్గర తీసుకోండి," అని పోలి అతని మొహానికి మొహం దగ్గరపెట్టి తన గాలిలో సగం వదిలింది. ఇప్పుడు ఇద్దరికీ సగమే మిగిలింది.

"ఇంకో నోరు మారేదాకా నిలవదు ఇది," అన్నాడు మణికేతుడు.

"నిలవాలి. రేవు పక్కన రెల్లుదుబ్బు ఉంది. అందులో కొర్రమీనుంటుంది. అది అన్ని చేపల్లా కాదు, పైకొచ్చి మనలాగే గాలి మింగుతుంది. తలలో మొప్పలపైన గాలి దాచుకునే అర ఉంది దానికి. అది గాలి మింగినప్పుడు నీటి మీద వలయం లేస్తుంది. అయ్య ఆ వలయం చూసే వల విసురుతాడు. ఒక్క వలే ఉన్నప్పుడు ఇంకెక్కడా విసరడు."

పోలి మాట పూర్తికాకుండానే తేటగోడ అవతల రెల్లు కనపడింది. రెల్లు మధ్య నల్లటి దుంగ ఒకటి కదలకుండా నిలబడి ఉంది. ఆ దుంగకి కళ్లున్నాయి. అద్దపుచేప దాన్ని చూసి వెనుదిరిగింది, తిరిగేలోపే అయిపోయింది. నీరు పేలినట్టయింది. తేటగోడలు నాలుగువైపుల నుంచీ పళ్ల కింద కిర్రుమన్నాయి. ఇద్దరూ తలకిందులయ్యారు.

"మొప్ప తలుపులోంచి దూకండి," అంది పోలి.

అద్దపుచేప ఊపిరి ఆడక చివరిసారి మొప్ప తెరిచింది. ఆ సందులోంచి ఇద్దరూ కొర్రమీను నోట్లో పడ్డారు. నాలుక అలలా లేచి అద్దపుచేపని గొంతులోకి తోసేసింది. పోలి పక్కకి దొర్లి మొప్ప మడతలు పట్టుకుంది. చీకటి, బురదవాసన. గాలి అయిపోయింది. గుండెలు పగిలిపోతున్నాయి. మడత తరవాత మడత పట్టుకుని పైకి, ఇంకా పైకి పాకారు. చివరికి తల ఒక గుహలోకి వచ్చింది. పాతదీ, కంపుదీ అయినా అది గాలి. ఇద్దరూ నోళ్లు తెరిచి పీల్చుకున్నారు. అంతలో కొర్రమీను పైకి లేచి గుటకవేసింది, కొత్త గాలి హోరుమని వచ్చి గుహంతా నిండింది.

మణికేతుడు నవ్వాడు. "మీ నాన్న చూసే ఉంటాడు వలయం. గెలిచాం పోలీ."

పోలి మొప్ప తలుపు సందులోంచి బయటికి చూస్తోంది. కొర్రమీను పొట్ట కింద ఎర్రటి మబ్బు ఒకటి సుళ్లు తిరుగుతోంది. వందలకొద్దీ పిల్లలు, ఆవగింజంత కళ్లతో, తల్లి ఎటు తిరిగితే అటు తిరుగుతున్నాయి.

"ఏమైంది?"

"పిల్లల తల్లి," అంది పోలి. "మా గూడెంలో పిల్లలున్న కొర్రమీనుని పట్టరు. తల్లి పోతే గడియలో ఆ పిల్లల్నన్నిటినీ మిగతా చేపలు తినేస్తాయి. పొరపాటున వలలో పడితే దణ్ణం పెట్టి వదిలేస్తారు. మా అయ్య ఈ గూడెం పెద్ద."

"ప్రాణం పోతుంటే కూడా వదులుతాడా?"

"మీకు మా అయ్య సంగతి తెలీదు. ఇది తెలిసుంటే వేరే నోరు చూసేదాన్ని. ఇంకో చేప..."

వల పడింది. సీసపు గుళ్లు నీటిని కోసుకుంటూ చుట్టూ దిగాయి. కొర్రమీను ఎగిరింది, తన్నుకుంది, మెలితిరిగింది. గుహలో ఇద్దరూ గోడ నుంచి గోడకి కొట్టుకున్నారు. తర్వాత బరువంతా ఒక్కసారి కిందికి దిగిపోయి, మొప్ప సందులోంచి తెల్లటి ఎండ లోపలికి వచ్చింది. పొడి మెట్టు. ఎండ. వాళ్లకి కావలసిందంతా జానెడు దూరంలో ఉంది.

పైన మహారాజు భద్రకేతు గొంతు వినపడింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. "నీ హక్కు తీరింది దాలయ్యా. కోసి చూపించు."

కత్తి రాతి మీద పెట్టిన చప్పుడైంది. దాలయ్య కత్తి తీసుకోలేదు. మెట్ల కింద నీటిలో ఎర్రమబ్బు తల్లి కోసం అటూ ఇటూ పరుగెత్తుతోంది. అతను దాన్ని చూస్తూ అన్నాడు, "ఇది పిల్లల తల్లి మారాజా. కొయ్యను."

మహారాజు లేచి మెట్లు దిగి వచ్చాడు. "నా ఒక్కగానొక్క బిడ్డని ముంచినవాడివి. చేపపిల్లల మీద నీకు జాలా?"

"నా బిడ్డ కూడా ఆ పడవలోనే పోయింది మారాజా," అన్నాడు దాలయ్య. "మీరు నమ్మక్కర్లేదు. దాన్ని ఇంక నేను తేలేను, మీ బాబునీ తేలేను. ఈ పిల్లలకి తల్లిని ఇవ్వగలను. అది చేసి ఏనుగు కిందికి పోతాను."

గుహలో పోలికి కోపం వచ్చింది. ఇంత మంచితనం ఎందుకయ్యా నీకు, ఒక్కసారి కత్తిపెడితే బతుకుతావు కదా అని గుండె బాదుకుంది. ఆ కోపంలోనే కళ్లు నీళ్లతో నిండిపోయాయి. ఇలాంటి అయ్య కాకపోతే తాను ఇన్ని నోళ్లలో దూరి వచ్చేదే కాదేమో.

దాలయ్య కొర్రమీనుని రెండు చేతులా ఎత్తి నీటి మీదికి వంచాడు. జారిపోకుండా బొటనవేలు దాని నోట్లోకి దూర్చాడు. ఆ వేలు, నాచు మరకల గోరుతో సహా, గుహ ద్వారం దాకా వచ్చి ఆగింది.

"దూకు," అన్నాడు మణికేతుడు.

"ఇద్దరం దూకుదాం."

"నా చెయ్యి మడతలో ఇరుక్కుంది. నువ్వు పోయి చెప్పు, నేను ఇక్కడే ఉంటాను. గాలి ఉంది కదా." చురకత్తితో నడుముల మధ్య ముడి కోసేసి, కాలితో ఆమెని ముందుకి తోశాడు.

పోలి గోరు మీద పడింది. వేలు బయటికి రాగానే కొర్రమీను నోరు మూసుకుంది. ఒళ్లు విదిలించి, దాలయ్య చేతుల్లోంచి నీటిలోకి జారిపోయింది.

దాలయ్య చేతులు కడుక్కోబోయి గోరు మీద ఎర్రటి నలుసు చూశాడు. చేపపేను అనుకుని మీటడానికి చూపుడువేలు మడిచాడు. పోలి పైప్రాణాలు పైనే పోయాయి. రెండు చేతులూ తలమీద అడ్డంగా పెట్టి ఊపింది. పడవ మునుగుతున్నవాళ్లు ఒడ్డుకి చేసే సైగ అది. నీటిలో వెంట్రుకంత చేపపిల్లని లెక్కపెట్టగల కన్ను దాలయ్యది. మడిచిన వేలు అలాగే ఆగిపోయింది. అతను ఆ ఎర్ర కోకని గుర్తుపట్టాడు. పెదాలు కదిలాయి, పేరు మాత్రం బయటికి రానివ్వలేదు.

వెనక కాషాయం కట్టుకున్న రాజగురువు మెడ సాచి చూస్తున్నాడు. "మహారాజా," అన్నాడు మెల్లగా, "వాడి చేతిలో ఏదో ఉంది. వలలో వచ్చిందేదైనా మీకు చూపాలి కదా. ముందు నన్ను చూడనివ్వండి." అంటూనే రెండు వేళ్లూ చాపి మెట్టు దిగాడు.

ఆ రెండు వేళ్లని పోలి పొద్దున్న చూసింది. ఈసారి వాటి మధ్య నలిపేస్తే అడిగేవాడు లేడు. ఆమె గోరు మీంచి కిందికి చూసింది. మెట్ల దిగువన, వల కలకలానికి లేచి వచ్చిన వాలుగ ఒకటి, నిలువెత్తు పొడవున, రెండు మీసాలూ సాచి, ఎర్రమబ్బు వైపు తిరుగుతోంది. పిల్లలకి అడ్డంగా తల్లి నిలబడింది. ఆ తల్లి తలలో మణికేతుడున్నాడు. వాలుగ గాలి మింగే చేప కాదు. దాని లోపల ఏ గుహా లేదు.

"చెయ్యి తెరువు దాలయ్యా," అన్నాడు మహారాజు.

దాలయ్య పిడికిలి బిగించాడు. రాజగురువు వేళ్లు అతని మణికట్టుకి తగిలాయి. దాలయ్య పిడికిలి నోటి దగ్గరికి తీసుకుని, కూతుర్ని నోట్లో వేసుకుని, పెదాలు మూసేశాడు.

రేవు మీద అందరూ అది చూశారు. ఎవరికీ ఏమీ అర్థంకాలేదు. రాజగురువుకి మాత్రం అర్థమైంది, అతని మొహం పాలిపోయింది. నాచు దగ్గర్నుంచి మొదలుపెట్టి పోలి దూరిన నోళ్లలో ఇది చివరిది. ఇక్కడ మింగుడు లేదు, నమలడం లేదు. వక్క దాచుకునే దవడలో ఆమెని నాలుకతో మెత్తగా అదిమిపెట్టుకున్నాడు అయ్య. ఆ చీకట్లో పోలి అతని దవడ ఎముకకి నోరు ఆనించి, ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

"అయ్యా, రాకుమారుడు ఆ తల్లి తలలోనే ఉన్నాడు. వాలుగ వస్తోంది."

ఒడ్డు మీద ఎవరికీ వినపడలేదు. దాలయ్యకి ఎముకలోంచి వినపడింది.

"పట్టుకోండి వాణ్ణి, నోరు తెరిపించండి," అని రాజగురువు అరిచాడు. భటులు ముందుకి దూకారు. ఒకడి చేతికి దాలయ్య తలపాగా దొరికింది, మనిషి దొరకలేదు. అతను మెట్టు మీది కత్తి తీసుకుని సరస్సులోకి దూకేశాడు.

నీరు అతని తలమీద మూసుకుంది. దిగువన వాలుగ తోక విసరడం, తల్లి దాని ముందునుంచి రెల్లులోకి దూసుకుపోవడం కనపడ్డాయి. ఎర్రమబ్బు చెదిరిపోయింది. పై నుంచి మలి నగారా ధమ్మని మోగింది, దాని వెనకే ఈటెలు నీటిని చీల్చుకుంటూ దిగాయి. దాలయ్య నలభై ఏళ్లుగా ఈ నీటిలో మునుగుతున్నాడు. మునిగే ముందు గుండెలనిండా గాలి పీల్చుకోకుండా ఎన్నడూ మునగలేదు. ఈసారి తీరిక లేకపోయింది. పదిబారలు పోయేసరికే గుండెలు మండడం మొదలైంది, నోరు దానంతటదే తెరుచుకుందామని పోరుతోంది. తెరిస్తే నీరు లోపలికి వస్తుంది, కూతురు కొట్టుకుపోతుంది. అతను ఎడమచేత్తో పెదాలు అదిమిపట్టుకుని, కుడిచేత్తో కత్తి ముందుకి చాపి, తల్లి వెంటపడ్డ వాలుగ తెరిచిన నోటి వైపు ఈదాడు.